ఇంగ్లండ్ పల్లెల్లో గడ్డికప్పు ఇళ్లను ఫోటో తీయడం ఎలా?

యూకేలో ఉంటున్న మనవాళ్లు, వేసవికి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, జూన్ వచ్చేసరికి ఒకటే ప్రశ్న అడుగుతుంటారు. "గడ్డికప్పు ఇల్లు కళ్లతో చూస్తే ఎంత ముద్దుగా ఉందో! ఫోటోలో మాత్రం కప్పంతా నల్లగా, గోడంతా తెల్లగా, ఆకాశం కూడా తెల్లగా వస్తోంది. కెమెరా మార్చాలా?" అక్కర్లేదు. ఈ ఫోటోల్లో హీరో కప్పు. దాని మీద పక్కనుంచి వెలుగు పడే వేళకి వెళ్లి, దాని మందం కనబడే చోట నిలబడితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం, గోడ తెల్లగా మాడిపోకుండా చూసుకోవడం.

ఉదాహరణకి డోర్సెట్ కౌంటీలోని మిల్టన్ అబస్‌ని తీసుకుందాం. 18వ శతాబ్దంలో లార్డ్ మిల్టన్ అనే ప్రభువు, తన భవంతి పక్కనున్న పాత ఊరు కంటికి అడ్డంగా ఉందని దాన్ని తీసేయించాడు. బదులుగా కాస్త దూరంలో 1780 ప్రాంతంలో ఈ కొత్త ఊరు కట్టించాడు. ఒకటే వీధి, తెల్లటి మట్టిగోడలు, గడ్డికప్పులు, ఇళ్ల ముందు పచ్చిక. దాదాపు ఒకేలా ఉండే 36 ఇళ్లు. ప్రాక్టీసుకి ఇంతకంటే మంచి ఊరు నాకు తెలియదు. ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఒక ఫోటో బాగా వచ్చి ఇంకోటి చెడిందంటే తేడా వెలుగులోనో మీరు నిలబడ్డ చోటులోనో ఉందని వెంటనే తెలిసిపోతుంది.

ఏమేం కావాలి

- ఫోన్ చాలు. గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోండి. వెలుగుని మనమే సరిచేసుకోనిచ్చే ప్రో మోడ్, కెమెరా పట్టిన వివరమంతా దాచే రా ఫార్మాట్ ఉంటే ఇంకా మంచిది.
- కెమెరా అయితే 24–70 లేదా 24–105 మిల్లీమీటర్ల లాంటి ఒక్క జూమ్ లెన్స్. అల్ట్రా వైడ్ లెన్స్ ఈ పనికి రాదు, కారణం తర్వాత చెబుతాను.
- పోలరైజర్ ఫిల్టర్. తప్పనిసరి కాదు, కానీ వాన పడ్డాక తడి ఆకుల మెరుపు తగ్గించడానికి దీన్ని మించింది లేదు.
- లెన్స్ తుడిచే గుడ్డ రెండు. ఒకటి ఎలాగూ తడుస్తుంది.
- ఆఫ్‌లైన్ మ్యాప్. చాలా పల్లెల్లో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం.

ట్రైపాడ్ మీ ఇష్టం. ఈ ఊళ్లలో చాలాచోట్ల ఫుట్‌పాత్ ఉండదు, రోడ్డు మీద ట్రైపాడ్ పెడితే వచ్చే ట్రాక్టరుకి అడ్డం. డ్రోన్ మాత్రం తీసుకెళ్లకండి. పాత కట్టడాలను, ప్రకృతి స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ స్థలాల్లో ఎగరేయనివ్వరు. మిగతా చోట్ల కూడా మనుషులు కాపురముంటున్న పెరట్ల మీద ఎగరేయడం బాగుండదు.

1. ముందు, గడ్డికప్పులున్న ఊరికే వెళ్లండి

నవ్వొచ్చే సలహాలా ఉంది గానీ, ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. పాత ఇంగ్లిష్ ఇల్లు అనగానే కాట్స్‌వల్డ్స్ అనే కొండల ప్రాంతం, కాట్స్‌వల్డ్స్ అనగానే బైబరీ అనే ఊరు. అక్కడి ఆర్లింగ్టన్ రో ఇళ్లు అందంగా ఉంటాయి, కానీ వాటి కప్పు గడ్డి కాదు, రాతి పలకలు. కాజిల్ కూంబ్‌లోనూ రాతి పలకలే ఎక్కువ. కాట్స్‌వల్డ్స్‌లోనే గడ్డికప్పులు కావాలంటే చిపింగ్ క్యాంప్‌డెన్ ఊరి చివర వెస్టింగ్టన్ వైపు నడవండి. తేనెరంగు రాతిగోడల మీద గడ్డికప్పులు అక్కడ కనబడతాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో గ్రేట్ ట్యూ కూడా బాగుంటుంది.

సోమర్సెట్‌లో సెల్వర్తీ గ్రీన్ ఉంది. 1828లో థామస్ ఆక్లండ్ అనే ప్రభువు తన ఎస్టేటులో పనిచేసి రిటైరైనవాళ్ల కోసం ఒక పచ్చిక చుట్టూ ఈ ఇళ్లను తీర్చిదిద్దాడు. ఇప్పుడది నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. ఇళ్ల మధ్య నుంచే కాలిబాట ఉంది కాబట్టి ఎవరి గుమ్మంలోకో వెళ్తున్నామన్న బెరుకు తక్కువ. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర షాటరీలో షేక్‌స్పియర్ భార్య యాన్ హ్యాథవే పుట్టింటికి టికెట్ ఉంది, జనమూ ఎక్కువే. తెరవగానే వెళ్లగలిగితేనే వెళ్లండి.

2. ఇల్లు ఏ దిక్కు చూస్తోందో ఇంట్లోనే చూసుకోండి

మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ తెరిస్తే కొప్పు గీత, అంటే కప్పు రెండు వాలులూ పైన కలిసే గీత, ఎటు నుంచి ఎటు వెళ్తోందో కనబడుతుంది. కొప్పుకి రెండు పక్కలా ఉన్నవే ఇంటి ముందువైపు, వెనకవైపు. స్ట్రీట్ వ్యూలో వాకిలి ఏ వైపో తేల్చుకోండి. తర్వాత లెక్క సులువు:

తూర్పు ముఖం ఇల్లయితే ఉదయం, పడమర ముఖమైతే సాయంత్రం. దక్షిణ ముఖం ఇంటికి శీతాకాలంలో పగలంతా పర్వాలేదు, వేసవిలో మిట్టమధ్యాహ్నం వదిలేయండి.

ఉత్తర ముఖం ఇళ్లను చాలామంది "ఇక్కడ ఎప్పుడూ నీడే" అని వదిలేస్తారు. మే చివరి నుంచి జులై మధ్య దాకా అక్కడ సూర్యుడు బాగా ఈశాన్యంలో ఉదయించి వాయవ్యంలో అస్తమిస్తాడు. అంటే ఉత్తరపు గోడ మీద, కప్పు మీద పొద్దున్నే ఒకసారి, పొద్దుపోయే ముందు ఒకసారి ఏటవాలు ఎండ పడుతుంది. ఏడాదిలో ఆ కొద్ది వారాలే.

3. కాలం, వేళ

మన ఊళ్లో అలవాటైన ఎండ లెక్క అక్కడ పనికిరాదు. డిసెంబరు చివర హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, డోర్సెట్‌లో 16 డిగ్రీలే. అంటే చలికాలంలో అక్కడ పట్టపగలు కూడా మన సాయంత్రంలాంటి ఏటవాలు వెలుగే. కాకపోతే 8 దాటాక తెల్లవారి, సాయంత్రం 4కే చీకటి పడుతుంది.

జూన్‌లో దీనికి తలకిందులు. సుమారు ఉదయం 5కి సూర్యోదయం, రాత్రి 9:20 ప్రాంతంలో అస్తమయం. మధ్యాహ్నం ఎండ కప్పు మీద తిన్నగా పడి గడ్డి పోగుల నీడలు లేకుండా చేస్తుంది, కప్పు చదునుగా కనబడుతుంది. అదే సమయంలో చూరు నీడ గోడ పైభాగం మీద నల్లగా దిగుతుంది, పైకిటికీలు అందులో మాయమవుతాయి. అందుకే టూరిస్టు బస్సు మధ్యాహ్నం 12కి దింపినప్పుడు తీసిన ఫోటోలన్నీ ఒకేలా చెడతాయి. జూన్‌లో అయితే ఉదయం 8 లోపు, లేదా సాయంత్రం 7 తర్వాత.

గులాబీలు కావాలంటే జూన్, విస్టీరియా పూలకి మే. కానీ ఇల్లు మొత్తం కనబడాలంటే నా ఓటు ఫిబ్రవరికే. చెట్లకి ఆకులుండవు, వెలుగు ఏటవాలు, పొగగొట్టంలోంచి పొగ, వీధిలో జనం ఉండరు. వేళ్లు మాత్రం కొంకర్లు పోతాయి.

4. ఊళ్లోకి వెళ్లాక

కారు కారుపార్కులో పెట్టి, కెమెరా బ్యాగులోనే ఉంచి, వీధి ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచి రండి. ఎక్కడ ఎండ ఉంది, ఎక్కడ కార్లు ఆగి ఉన్నాయి, ఏ ఇంటి కప్పు మీద తీగవల కనబడుతోంది, ఇవన్నీ ఆ నడకలోనే తేలిపోతాయి.

ఇంగ్లండ్‌లో పబ్లిక్ రోడ్డు మీద నిలబడి ఇంటి ఫోటో తీసుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. గేటు దాటితే మాత్రం అది వాళ్ల స్థలం. గేటు తీసే ఉన్నా సరే, పచ్చిక మీద అడుగు పెట్టొద్దు. కిటికీలోంచి లోపలి మనుషులు కనబడేలా జూమ్ చేయొద్దు. ఇంటివాళ్లు బయట ఉంటే "గుడ్ మార్నింగ్, మీ ఇల్లు చాలా బాగుంది, ఒక ఫోటో తీసుకోవచ్చా?" అని అడగండి. అవసరం లేకపోయినా అడగండి. కప్పు ఎప్పుడు కప్పించారు అని ఒక్క మాట కదిపితే చాలు, చాలామంది ఆపకుండా చెబుతారు. ఫోటోలను అమ్ముకోవాలనుకుంటే, నేషనల్ ట్రస్ట్ స్థలాల్లో ముందుగా వాళ్ల అనుమతి తీసుకోవాలి.

5. నిలబడే చోటు

వాకిలికి ఎదురుగా నిలబడకండి. ఇంటి మూలకి ఎదురుగా, ముందుగోడ ఎక్కువ, పక్కగోడ తక్కువ కనబడేలా నిలబడండి. అప్పుడే చూరు దగ్గర కోసిన అంచు కనబడుతుంది. సుమారు అడుగు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ మందం. వేల గడ్డి కాడల చివర్లు ఒక్క వరసలో కత్తిరించి ఉంటాయి. పాత కప్పు మీద పైన కొత్త పొర వేయించిన ఇళ్లలో ఈ మందం ఇంకా పెరుగుతుంది. ఎదురునుంచి తీస్తే ఇదంతా పోయి కప్పు ఒక బూడిదరంగు పట్టీలా మిగులుతుంది.

సూర్యుడు మీ వీపు వెనక నేరుగా ఉండకూడదు. మీ కుడి భుజం మీదుగానో, ఎడమ భుజం మీదుగానో వెలుగు రావాలి. అప్పుడు గడ్డి పోగుల మధ్య సన్నటి నీడలు పడి కప్పు లేచినట్టు కనబడుతుంది.

మిల్టన్ అబస్ వీధి వాలులో ఉంటుంది. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే కప్పులు ఒకదాని వెనక ఒకటి మెట్లలా దిగుతాయి. అక్కడ 70 నుంచి 100 మిల్లీమీటర్ల జూమ్ వాడండి. ఫోన్‌లో అయితే 2ఎక్స్ లేదా 3ఎక్స్.

6. కెమెరా పైకి ఎత్తకండి

దగ్గరగా నిలబడి, కప్పు పట్టడం లేదని ఫోన్ పైకి వంచుతారు. గోడలు లోపలికి వాలి, ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. 0.5ఎక్స్, అంటే అల్ట్రా వైడ్ లెన్స్ పెడితే ఇంకా ఘోరం, పక్కనున్న పొగగొట్టం సాగిపోతుంది, ఇల్లు చిన్నదై రోడ్డు పెద్దదవుతుంది. వెనక్కి నడవండి, ఫోన్ నిటారుగా పట్టుకోండి, కింద ఎక్కువొచ్చిన రోడ్డును తర్వాత కోసేయండి. వెనక గోడ అడ్డమైతే ఫోన్ నిలువుగా తిప్పి పక్కపక్కన మూడు ఫోటోలు తీసి తర్వాత అతికించుకోవచ్చు.

ఒక జాగ్రత్త. ఈ మట్టిగోడలు, కర్రగోడలు నిజంగానే ఒరిగి ఉంటాయి. ఎడిటింగ్‌లో ఒక్క మూలను చూసి నిలువు సరిచేస్తే రెండో మూల పాడవుతుంది. ఎడమ అంచు, కుడి అంచు రెండూ చూసి, అవి సమానంగా వాలేదాకా సరిచేసి ఆపండి. అరిగిన ఇంటిని కొత్త అపార్ట్‌మెంట్‌లా నిలబెట్టాలని చూడొద్దు.

7. ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు మోతాదు): కప్పు నల్లబడేది ఇక్కడే

అక్కడ రోజుల తరబడి మబ్బు. మబ్బు పట్టిన ఆకాశం తెల్లగా వెలుగుతుంటుంది, గోడా తెల్లనిదే. ఫ్రేములో ఇంత తెలుపు చూసి కెమెరా మొత్తం ఫోటోని ముదురు చేస్తుంది, దాంతో కప్పు నల్లబడుతుంది. మరోపక్క ఎండలో ఉన్న తెల్లగోడ, నీడలో ఉన్న కప్పు ఒకే ఫ్రేములో ఉంటే వాటి మధ్య తేడా మరీ ఎక్కువ, ఏదో ఒకటి పోతుంది.

ఫోన్‌లో: గోడ మీద వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. తర్వాత వేలిని మెల్లగా పైకీ కిందికీ జరుపుతూ, గోడ మీది సున్నపు గరుకు కనబడే చోట ఆపండి. కప్పు కాస్త ముదురుగా ఉన్నా సరే, తర్వాత లేపుకోవచ్చు. తెల్లగా మాడిపోయిన గోడ మాత్రం మళ్లీ రాదు.

కెమెరాలో: అపర్చర్ మోడ్, ఎఫ్8, ఐఎస్ఓ 100 లేదా 200, రా ఫార్మాట్. తెల్లగా మాడిన చోట్లని మిణుకుమనిపించే హైలైట్ వార్నింగ్ ఆన్ చేయండి. ఫోటో చూసుకున్నప్పుడు గోడ మిణుకుమిణుకుమంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒక మెట్టులో మూడోవంతు తగ్గించి మళ్లీ తీయండి. ఆ మిణుకులు పోయేదాకా తగ్గించండి, అంతకుమించి తగ్గించొద్దు. "అంతా స్పష్టంగా రావాలి" అని ఎఫ్22 పెట్టేవాళ్లున్నారు. దానివల్ల మొత్తం ఫోటో మెత్తబడుతుంది, గడ్డి పోగులు కలిసిపోతాయి.

ఫోకస్ చూరు అంచు మీద పెట్టండి. ముందున్న గులాబీ మీద పడితే ఇల్లంతా మసక.

ఆకాశం పూర్తిగా తెల్లగా ఉంటే దాన్ని ఫ్రేములోంచి తీసేయండి. ఇంటి వెనక కొండో చెట్లో వచ్చేలా నాలుగడుగులు పక్కకి జరిగితే చాలు, సగం సమస్య పోతుంది. మిల్టన్ అబస్‌లో వీధికి రెండు పక్కలా చెట్లున్న వాలు కాబట్టి ఇది సులువు.

వేర్వేరు ఎక్స్‌పోజర్లలో మూడు ఫోటోలు తీసి కలిపే పద్ధతి (హెచ్‌డీఆర్) కూడా ఉంది: మైనస్ 2, సున్నా, ప్లస్ 2. గాలి లేని రోజే చేయండి. లేకపోతే వాకిలి చుట్టూ పాకిన తీగలు మూడు చోట్ల కనబడతాయి.

ఎండా మబ్బూ దోబూచులాడే రోజైతే తొందరపడొద్దు. పల్చటి మబ్బు అంచు సూర్యుడి మీదికి వచ్చే ఆ కొన్ని క్షణాల్లో నీడలు మెత్తబడతాయి, అలాగని పూర్తిగా పోవు. నన్నడిగితే ఈ ఇళ్లకి అదే సరైన వెలుగు. వాన వెలిసిన వెంటనే మాత్రం కప్పు తడిసి ముదురు గోధుమరంగులో ఉంటుంది. టీ తాగి రండి, ఆరనివ్వండి.

8. దగ్గర నుంచి

మొత్తం ఇల్లు ఒక్కటే తీసి వచ్చేస్తే ఆల్బమ్‌లో పది ఫోటోలూ ఒకటే. జూమ్ చేసి ఇవి తీయండి:

కొప్పు. ఇంటి నడినెత్తిన మందంగా వేసిన ఆ పట్టీని పట్టి ఉంచేది చీల్చిన హేజెల్ బద్దలు. అవి అడ్డదిడ్డంగా దాటుకుంటూ డైమండ్ ఆకారాలు కడతాయి. కింది అంచు ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా, వంపులుగానో మొనలుగానో కత్తిరించి ఉంటుంది. కొప్పును సాధారణంగా 10–15 ఏళ్లకోసారి మళ్లీ వేయాలి, కింది కప్పు అంతకంటే చాలాకాలం ఉంటుంది. అందుకే బూడిదరంగు కప్పు మీద బంగారురంగు కొప్పు తరచుగా కనబడుతుంది. ఆ రెండు రంగుల తేడా సాయంత్రపు ఎండలో బాగా వస్తుంది.

పైకిటికీ మీద కప్పు వంపు తిరిగి దిగే చోటు కూడా వదలొద్దు. కొన్ని ఇళ్ల కొప్పు మీద గడ్డితో చేసిన నెమలికోడో నక్కో ఉంటుంది. దాని వెనక ఆకాశం ఉండేలా చూసి, దానికి మాత్రం ఎక్స్‌పోజర్ కాస్త పెంచండి.

నైరుతి వైపు డెవన్, డోర్సెట్‌లలో ఎక్కువగా గోధుమ గడ్డి కప్పులు. వాటి ఒంపులు గుండ్రంగా ఉంటాయి. నార్ఫోక్ వైపు నీటి రెల్లు, దాని అంచులు పదునుగా ఉంటాయి. మొదటిదానికి ఒంపు చూపండి, రెండోదానికి అంచు చూపండి.

9. కార్లు, చెత్తడబ్బాలు

గడ్డికప్పు ఇంటి ముందు తెల్ల వ్యాను లేని రోజు లేదు. పనిదినాల్లో 9 తర్వాత కొన్ని కార్లు వెళ్లిపోతాయి. చెత్త తీసుకెళ్లే రోజు వీధంతా చక్రాల డబ్బాలే, ఆ రోజు ఏదో ఆ ప్రాంతపు కౌన్సిల్ వెబ్‌సైటులో ఉంటుంది. తప్పనప్పుడు మోకాళ్ల మీద కూర్చుని ముందున్న పూలమొక్కలతోనో గోడతోనో కారుని కప్పేయండి. లేదా చూరు నుంచి పైకి మాత్రమే తీయండి. ఫోన్‌లో చెరిపేసే టూల్ వాడితే కారు పోతుంది గానీ, దాని వెనక రాతిగోడని అది కల్పించి పెడుతుంది. పెద్దది చేసి చూస్తే రాళ్లు వింతగా ఉంటాయి.

10. అక్కడుండగానే చెక్ చేసుకోండి

కారెక్కే ముందు, నీడలో నిలబడి, ఫోటోని పూర్తిగా పెద్దది చేసి చూడండి.

- కప్పులో గడ్డి పోగులు విడివిడిగా కనబడుతున్నాయా, లేక నీళ్లరంగు పూసినట్టు కలిసిపోయాయా? కలిసిపోతే ఫోన్ నాయిస్ తగ్గింపు అతిగా పనిచేసింది. రా ఫార్మాట్‌లో, లేదా మరికొంచెం వెలుగులో మళ్లీ తీయండి.
- కొప్పు వెంబడి ఆకాశంలో తెల్లటి వెలుగు గీత ఉందా? హెచ్‌డీఆర్ ఎక్కువైంది. ఆపి ఇంకోటి తీయండి.
- పక్షులు, ఎలుకలు గడ్డి పీకకుండా చాలా కప్పుల మీద తీగవల కట్టి ఉంటుంది. ఒక్కోసారి ఆ వల మీద లేని రంగుల అలలు కనబడతాయి. రెండడుగులు ముందుకో వెనక్కో జరిగి తీస్తే పోతాయి.
- గోడ ఆకుపచ్చగా ఉందా? చెట్ల నీడ రంగు అది. వైట్ బ్యాలెన్స్ ఆటో నుంచి క్లౌడీకి మార్చినా పోకపోతే ఎడిటింగ్‌లో టింట్‌ని కొంచెం గులాబీ వైపు జరపండి.
- చూరు కింద పూర్తి నలుపు కొంచెం ఉండనివ్వండి. అది కూడా లేపేస్తే మందం పోతుంది.

11. ఎడిటింగ్

కొద్దిగానే. ముందు హైలైట్స్ తగ్గించి గోడని తెచ్చుకోండి, తర్వాత షాడోస్ పెంచి కప్పుని లేపండి. క్లారిటీ, షార్ప్‌నెస్ ఎక్కువ పెంచితే గడ్డి కాస్తా ఇనుప తీగల్లా కనబడుతుంది. కప్పు పసుపుగా కనబడాలని శాచురేషన్ పెంచకండి. కొత్తగా కప్పినది కొన్నేళ్లకే బూడిదరంగుకి తిరుగుతుంది, అది దాని అసలు రంగు. ఉత్తరం వైపు నాచు ఉంటే దాన్నీ అలాగే ఉండనివ్వండి.

ఇంటికి పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే అది సైజు తగ్గించేస్తుంది, ముందుగా పోయేది సన్నటి గడ్డి పోగులే. ప్రింట్ వేయిస్తే గ్లాసీ వద్దు, మ్యాట్ కాగితం అడగండి.